అరవై నిమిషాల చదరం

ఏ విషయమైనా నోటితో అడిగి తెలుసుకోవడం కంటే లెక్కగట్టి తెలుసుకోవడం నాకు తేలిక. ఇది గొప్ప కాదు, జబ్బు. మా అమ్మ దీన్ని నా చిన్నప్పుడే కనిపెట్టింది. ఇంకాస్త అన్నం పెట్టనా అని అడిగితే, కుండలో ఎంత మిగిలింది, ఇంకా తినాల్సినవాళ్ళు ఎందరు అని చూసుకుంటే గాని జవాబు చెప్పేవాణ్ణి కానట. "నోరున్నది దేనికిరా నరసింగా" అనేదట. ఆ ప్రశ్నకు జవాబు నేను చాలా ఆలస్యంగా వెతికాను.

వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివాను. రెండో తరగతిలో గట్టెక్కాను. ఉద్యోగం దొరక్క శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో చెరుకు తోటకు నీళ్ళు కడుతూ ఏడాది గడిపాక, 1968 డిసెంబరులో వంశధార అవతలి ఒడ్డున ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారి పని వచ్చింది. తాత్కాలికమే. ఆ ఊళ్ళో గది దొరకలేదు. ఇవతలి ఒడ్డున కళింగపట్నంలో అసిరమ్మ అనే ముసలావిడ తన వసారా గది ఇచ్చి, రెండు పూటలా తిండి కూడా పెడతానంది. ఆవిడ చేపలు ఎండబెట్టి సంతలకు పంపేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ, అలాగే నాతో మాట్లాడుతూ, నాలిక కాలకుండా ఎలా బతుకుతోందో నాకు అంతుపట్టేది కాదు. ఆ గదిలో దిగిన మూడో రోజుకే ఆవిడ ఇంట్లోని ఎండుచేపల వాసన నా పుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

రోజూ పొద్దున్న మొగ దగ్గర పడవ దాటి బడికి వెళ్ళాలి. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. శీతాకాలం ఎనిమిది గంటలప్పుడు ఆ మొగను చూడాలి. ఏది ఏరో ఏది సముద్రమో ఏది మంచో తెలియదు. ఇసక దిబ్బలు నీళ్ళలోంచి తేలాయో, నీళ్ళ మీద పరిచారో తెలియదు. దీపస్తంభం సగం దాకా ఉండేది, పైసగం ఉండేది కాదు. కొంగ ఒకటి ఎగిరితే అది తెల్లదనంలోంచి పుట్టి తెల్లదనంలోకే పోయేది. నిద్ర పూర్తిగా వదలనివాడికి అది చాలా ప్రమాదకరమైన చోటు. నాకు ఏనాడూ నిద్ర పూర్తిగా వదల్లేదు.

పడవ నూకయ్యది. అరవై ఏళ్ళ మనిషి, తక్కువ మాట, ఎక్కువ చుట్ట. మొగలో అల సద్దుమణిగినప్పుడు మొదటి విడత తీసేవాడు. అది ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఏ నిమిషమైనా కావచ్చు. తర్వాత ఇరవై పాతిక నిమిషాలకొక విడత చొప్పున మూడో నాలుగో తిప్పేవాడు. అల లేచిందంటే ఇక మధ్యాహ్నం దాకా పడవ లేదు.

ఆ పడవలోనే దేముడమ్మను చూశాను. అవతలి ఒడ్డున పురుళ్ళ ఆస్పత్రిలో నర్సు. రేవు వీధి పిల్ల, వాళ్ళ నాన్న వేటకు వెళ్తాడు. విశాఖపట్నంలో ట్రైనింగయి వచ్చింది. తెల్లచీర, నల్ల సంచీ, మాటలో దాపరికం లేదు. మొదటి రోజు నేను పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"మాస్టారూ, కొంచిం వొదులుగా పట్టుకోండి. పడవ బయపడతన్నాది" అంది.

పడవలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటినుంచి నాకు ఆవిడంటే ఇష్టం. దీనికి లెక్క అక్కర్లేకపోయింది.

మరి ఆవిడకో? చిక్కంతా అక్కడే వచ్చింది. మాది వ్యవసాయం. వేటకెళ్ళేవాళ్ళ పిల్లను చేసుకుంటానంటే మా నాన్న చేతికి కర్ర వస్తుంది. వస్తే రానీ, నాలుగు దెబ్బలకు సిద్ధమే. కాని ఆవిడ మనసు తెలియకుండా ఇంట్లో కురుక్షేత్రం మొదలుపెట్టడం దేనికి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది. అడగొచ్చు కదా అంటారు. అడిగితే, కాదంటే? రోజూ అదే పడవలో, ఆ కాదన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏరు దాటాలి.

అందుకని అడగలేదు. నోటు పుస్తకం తీశాను.

లెక్క చాలా పాతది, చాలా అందమైనది. ఇద్దరు మనుషులు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒక చోటికి వస్తారు. ఎవరిష్టం వచ్చిన నిమిషానికి వాళ్ళు. వచ్చినవాళ్ళు పది నిమిషాలు ఆగి వెళ్ళిపోతారు. వాళ్ళు కలుసుకునే అవకాశం ఎంత? ఒక చదరం గియ్యాలి. అడుగు గీత మీద నేను వచ్చే నిమిషం, సున్నా నుంచి అరవై. నిలువు గీత మీద ఆవిడ వచ్చే నిమిషం, అదీ సున్నా నుంచి అరవై. ఒక రోజంటే ఆ చదరంలో ఒక చుక్క. మేమిద్దరం ఒకేసారి వచ్చే రోజుల చుక్కలు ఈ మూల నుంచి ఆ మూలకు పోయే ఏటవాలు గీత మీద పడతాయి. ఆ గీతకు ఇటూ అటూ పది నిమిషాల వెడల్పున ఒక దారి. చుక్క ఆ దారిలో పడితే కలుస్తాం, లేకపోతే లేదు. ఒకరి రాకకూ మరొకరి రాకకూ ఏ సంబంధమూ లేకపోతే ఆ దారిలో పడే వంతు ముప్పయ్యారింట పదకొండు. అంటే నలభై రోజుల్లో పన్నెండు రోజులు, మహా అయితే పదమూడు.

ఆవిడ నా తర్వాత వస్తే నా వాచీ చూసి నిమిషం రాసుకునేవాణ్ణి. ముందే వచ్చి ఉంటే నూకయ్యను అడిగేవాణ్ణి.

"నర్సమ్మ గారు వచ్చి ఎంతసేపయింది?"

"ఒక సుట్ట కాల్చినంతసేపు."

నూకయ్య చుట్టకు పన్నెండు నిమిషాలు. ముందే వాచీ పెట్టి చూసుకున్నాను. గాలి తోలిన రోజు పది. ఒక్కోసారి "సుట్టన్నర" అనేవాడు. అలా అన్నప్పుడు ఏటివైపు చూసి తనలో తను నవ్వుకునేవాడు. పద్దెనిమిది అని రాసుకునేవాణ్ణి.

నలభై రోజులయ్యాయి. మేమిద్దరం పది నిమిషాల తేడాలో రేవుకు వచ్చిన రోజులు ముప్పయ్యొకటి.

ఆ సాయంత్రం లాంతరు దగ్గర చదరం మీద చుక్కలన్నీ పెట్టి చూసుకున్నాను. చుక్కలు చదరం నిండా చల్లినట్టు లేవు. ఈ మూల నుంచి ఆ మూలకు చీమలబారులా నడిచిపోతున్నాయి. నేను పెందలాడే వెళ్ళిన రోజు ఆవిడా పెందలాడే వచ్చింది. నేను ఆలస్యమైన రోజు ఆవిడా ఆలస్యమైంది. సంబంధం లేనివాళ్ళకు నలభైలో ముప్పయ్యొకటి పడటం అంటే కోటికొక్కసారి కూడా జరగదు. పుస్తకం మూసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు నిద్రతో నాకేం పని?

మర్నాడు ఆదివారం. పెరట్లో అసిరమ్మ ఇసక మీద ఈతచాపలు పరిచి తట్టెడు నెత్తళ్ళు ఆరబోస్తోంది. వేలెడంత చేపలు, వెండి రేకుల్లా మెరుస్తాయి. ఆవిడ సమంగా పోయదు. ఎండ తొందరగా వచ్చే వైపు ఒత్తుగా, నీడ పడే వైపు పలచగా, గట్టు పక్కన కాకులు దిగే చోట మరీ పలచగా పోస్తుంది. చూస్తూ కూర్చుంటే, వాల్తేరులో రెండేళ్ళు నల్లబల్ల మీద చూసి కూడా అర్థం కాని సంగతి నాకు ఆ చాప మీద అర్థమైంది. రెండు చలరాశుల జంట సాంద్రత అంటే ఇదే. మొత్తం ఒక తట్ట. దాన్నెలా పోసినా తట్ట తట్టే, అవకాశాలన్నీ కలిపితే ఒకటి ఒకటే. కాని ఎక్కడ ఒత్తు, ఎక్కడ పలచన అన్నదే కథంతా. ఒక్క చుక్క మీద వేలు పెట్టి ఇక్కడ ఎన్ని చేపలు అంటే ఏమీ లేవనే చెప్పాలి, అరచేతి మేర జాగా చూపిస్తేనే లెక్క చెప్పగలం. చేపలన్నిటినీ అటు అంచుకు ఊడ్చేస్తే నా ఒక్కడి రాకపోకల సంగతి తెలుస్తుంది. ఇటు అంచుకు ఊడిస్తే దేముడమ్మ సంగతి. అంచులు రెండూ చూసినవాడికి మాత్రం చాప మధ్యలో ఏం జరిగిందో తెలియదు. అక్కడ ఆ ఏటవాలు గీత పొడుగునా చేపలు గుట్టగా పడి మెరుస్తూ ఉండొచ్చు, ఎవరికీ తెలియకుండా.

"ఏటి బాబూ, సేపలకేసి అలా సూస్తన్నారు. కూరొండమంటారేటి?" అంది అసిరమ్మ.

వండమన్నాను. ఆ రోజు ఏం అడిగినా అవుననేవాణ్ణి.

ఆ వారమంతా ఒకటే కల. పగలు కూడా వచ్చేది, ఏడో తరగతిలో వడ్డీ లెక్కలు చెబుతుండగా కూడా వచ్చేది. పెద్ద చదరపు పొలం. దాని అడుగు అంచున ఏరు, నిలువు అంచున సముద్రం. నేను ఏటి ఒడ్డున నడుస్తుంటాను, దేముడమ్మ సముద్రం ఒడ్డున నడుస్తుంటుంది. మేమిద్దరం ఒకరికొకరు కనపడం. కాని పొలం మధ్యన మంచులో మా ఇద్దరిదీ కలిపి ఒకటే నీడ కదులుతూ ఉంటుంది. నేనొక అడుగు వేస్తే అదొక పక్కకు జరుగుతుంది, ఆవిడొక అడుగు వేస్తే మరో పక్కకు. అది నడిచిన చోటల్లా నేల వెండిగా అవుతుంది. ఆ నీడ దగ్గరకు పోవాలంటే ఒడ్డు వదిలి లోపలికి నడవాలి. నేను వదలను. ఒడ్డు నుంచే చూస్తుంటాను.

ఆ కల ఎంత సూటిగా ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం బాగుంది కదా అని మళ్ళీ కళ్ళు మూసుకునేవాణ్ణి.

మాఘం వెళ్తుండగా ఒక పొద్దున్న పెందలాడే మెలకువ వచ్చింది. స్నానం చేసి వచ్చి చోడి అంబలి, అదే రాగి అంబలి, పెట్టమని అసిరమ్మను అడిగాను.

"అప్పుడే ఏటి బాబూ? ఇంకా గుడ్డ ఎత్తనేదు."

"ఏ గుడ్డ?"

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసింది. తీసిందంటే నేనడిగింది అంత వింత మాటన్నమాట. "ఏ గుడ్డేటి? రేవు కాడ నూకయ్య ఎత్తే ఎర్రగుడ్డ. మొగ మెత్తబడగానే ఎదురుకర్రకి కట్టి ఎత్తుతాడు. అది సూసే గదా నాను మీకు అంబలి కలిపేది. ఊరంతా దాన్ని సూసే బయలెల్తాది."

"ఊరంతానా?"

"ఊరంతా. నర్సమ్మా అంతే. గుడ్డ అగుపడితే ఆ గుంట సంచీ సంకనేసుకుంటాది."

రెండు నెలలుగా ఆ వెదురుకర్రనూ ఆ ఎర్రగుడ్డనూ చూస్తున్నాను. నూకయ్య గోచీ ఆరేశాడనుకున్నాను. మా ఊళ్ళో పడవా లేదు, రేవూ లేదు. చెరుకు తోటకు నీళ్ళు కట్టేవాడికి జెండా సంగతి ఎవరు చెబుతారు?

అంబలి తాగకుండానే లేచి గదిలోకి పోయాను. నా అంతట నేను బయలుదేరుతున్నాననుకున్నాను. కాదు, గుడ్డ ఎత్తితే అసిరమ్మ అంబలి పెడుతుంది, అంబలి తాగితే నేను లేస్తాను. దేముడమ్మ కూడా గుడ్డ ఎత్తితేనే లేస్తుంది. గుడ్డ ఆలస్యమైన రోజు ఇద్దరం ఆలస్యం. గుడ్డ పెందలాడే లేచిన రోజు ఇద్దరం పెందలాడే. చదరం మీద ఆ చీమలబారంతా నూకయ్య గుడ్డముక్క నడిపించింది. నా పక్కన దేముడమ్మను పెట్టి చూసినా, ఊళ్ళో ఏ చేపలమ్మేదాన్ని పెట్టి చూసినా అదే ఏటవాలు గీత వస్తుంది. ఇంత చదువూ చదివి, మూడోవాడొకడున్నాడని చూసుకోకుండా ఇద్దరికీ ముడిపెట్టేశాను. వాల్తేరులో ఇలాంటి జవాబు రాసి ఉంటే ఆ రెండో తరగతి కూడా వచ్చేది కాదు.

అప్పుడైనా బుద్ధి తెచ్చుకుని నోటితో అడిగి ఉండాల్సింది. తెచ్చుకోలేదు. లెక్కను బాగుచేశాను.

ఈసారి గుడ్డ ఎత్తిన నిమిషం కూడా రాశాను. వసారా అరుగు మీంచి చూస్తే కనపడేది. నా రాకలోంచి గుడ్డ నిమిషం తీసేస్తే, గుడ్డ ఎత్తాక నేను ఎంతసేపటికి వచ్చానో తేలుతుంది. అలాగే ఆవిడది. పాత చదరం పోయి కొత్త చదరం వచ్చింది. గుడ్డ ప్రభావం పోయాక ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అది మా ఇద్దరిదే. పద్దెనిమిది రోజులు రాశాను. చుక్కలు పెట్టాను. ఒక గుట్టా లేదు, ఒక బారూ లేదు. పిల్లలు చాప మీద పరిగెడితే చెదిరిన చేపల్లా ఉన్నాయి. నా ఆలస్యం ఎంతో చెబితే ఆవిడ ఆలస్యం గురించి ఏమీ తెలియదు. రెండు అంచులనూ గుణిస్తే చాప మొత్తం వచ్చేస్తుంది. పుస్తకాల్లో దీన్ని స్వతంత్రం అంటారు. వినడానికి గొప్ప మాట. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆవిడకు నేను పడవలో ఎదురు బల్ల మీద కూర్చునే ఒక మాస్టారిని, అంతే.

ఆ తర్వాత పడవలో ముభావంగా కూర్చునేవాణ్ణి. నా లెక్క తప్పినందుకు ఆవిడ మీద కోపం. ఆవిడ కొన్నాళ్ళు చూసి అడిగింది.

"మాస్టారూ, ఆ పుస్తకంలో రోజూ ఏటి రాస్తారు?"

"లెక్కలు."

"ఏటి లెక్కలు?"

"నీళ్ళవి" అన్నాను. జన్మలో అంత పిరికి అబద్ధం చెప్పలేదు.

ఆవిడ చెయ్యి నీళ్ళలో పెట్టింది. "నీటికి లెక్కేటి మాస్టారూ. దాహమైతే తాగడం, నేకపోతే దాటడం" అంది. ఆ తర్వాత, "నాకు పార్వతీపురానికి బదిలీ అయినాది. ఈ నెలాకరికి ఎల్లిపోవాల" అంది. అని నా ముఖంలోకి చూసింది.

"మంచి ఊరే" అన్నాను.

మంచి ఊరే. నేను ఆ ఊరు చూడనైనా చూడలేదు.

మార్చి ఇరవై ఎనిమిదో తారీఖున పడవ దిగుతూ, "రేపే ఆకరు మాస్టారూ. ఆస్పత్రిలో కాయితాలు తీసుకుని అటునించటే బస్సెక్కేస్తాను" అని, ఇంకేదో అనబోయి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపులు పిడుగులతో కలిసి వస్తాయని ఆ మెరుపు వెలుగులో గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ ఇద్దరం కదులుతున్నాం, అందుకే ఏదీ తేలలేదు. నేను కదలకుండా ఉండిపోతే? నేను రాను. రాకుండా చూస్తాను. ఆవిడ మామూలుగా పడవెక్కి పోతే సంబంధం లేదు. ఎక్కకుండా ఆగితే ఉంది. మూడు విడతలు చూడాలి. ఒకటి వదిలేస్తే ఏదో పని అనుకోవచ్చు, రెండు వదిలేస్తే అనుమానం, మూడు వదిలేస్తే రుజువు. రుజువవగానే పరిగెత్తుకెళ్ళి అడిగేస్తాను. మా నాన్న కర్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రేవు పక్కన ఇసకమెట్ట మీద సరుగుడు తోపు ఉంది. తెల్లారేసరికి వెళ్ళి ఒక చెట్టు చాటున కూర్చున్నాను. ఆ రోజు మంచు పలచగా ఉంది. సరుగుడు ఆకుల్లో గాలి దూరంగా ఎవరో వాన చెరుగుతున్నట్టు వినిపిస్తోంది. ఎనిమిదీ అయిదుకు ఎర్రగుడ్డ లేచింది. ఎనిమిదీ పన్నెండుకు దేముడమ్మ వచ్చింది. వాళ్ళ నాన్న తలమీద ట్రంకుపెట్టె తెచ్చి ఇసకలో దించి, ఆవిడతో ఏదో మాట్లాడి, వలల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

ఎనిమిదీ ఇరవైకి మొదటి పడవ కదిలింది. ఆవిడ ఎక్కలేదు.

రాసుకున్నాను. రాస్తుండగా ఒక సంగతి తట్టింది. నూకయ్య సుట్ట అన్నా, సుట్టన్నర అన్నా, అంతసేపటి ముందు వచ్చిన మనిషి నేను వెళ్ళేసరికి అక్కడే ఎందుకుంది? మధ్యలో ఒక పడవ వెళ్ళి ఉండాలి కదా. ఎన్నోసార్లు నేను రేవుకు చేరేసరికి నూకయ్య అవతలినుంచి ఖాళీ పడవతో తిరిగి వస్తుండేవాడు, ఆవిడ ఇసకలో కూర్చుని ఉండేది. రెండున్నర నెలలు ఆవిడ వచ్చిన నిమిషం రాశాను. వెళ్ళిన పడవలు రాయలేదు. రావడం రాశాను గాని ఆగడం రాయలేదు. నేను గీసిన చదరాలు రెంటిలోనూ ఆవిడ ఆగడానికి చోటే లేదు.

ఎనిమిదీ నలభై అయిదుకు రెండో పడవ కదిలింది. ఆవిడ ఎక్కలేదు.

అంత సంతోషం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. కళ్ళ ముందు మొగంతా వెండి అయిపోయింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. కొంగు ఎగురుతోంది. అప్పుడు లేచి నడిచి ఉంటే వంద అడుగులు. నడవలేదు. మూడనుకున్నాను కదా. మూడోది కూడా వదిలేస్తే ఇక ఏ సందేహమూ ఉండదు, జీవితాంతం ఉండదు. ఆ ఒక్క చుక్క కోసం కూర్చున్నాను.

తొమ్మిదీ పదికి నూకయ్య తిరిగి వచ్చాడు. అల లేస్తోంది. "ఆకరు పడవ" అని కేకేశాడు. దేముడమ్మ లేచి నిలబడింది. సరుగుడు తోపు వైపు తిరిగి చూసింది. చాలాసేపే చూసింది. ఎండ కళ్ళలో పడి అలా నిలబడిపోయిందనుకున్నాను. తర్వాత వంగి, పెట్టెకు ఒక పక్క తను పట్టుకుని, మరో పక్క నూకయ్య చేత పట్టించి, పడవలోకి ఎక్కించింది. తనూ ఎక్కింది.

అది నా లెక్కలో లేదు. పడవ ఒడ్డు వదిలి దూరమయ్యేదాకా పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. అప్పుడు పరిగెత్తాను. వదులు ఇసక అడుగడుక్కీ కాలు లాగింది. నీళ్ళ దగ్గరికి చేరేసరికి పడవ నడి ఏట్లో ఉంది. "దేముడమ్మా" అని అరిచాను. నర్సమ్మ గారు అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అలల హోరులో వినపడిందో లేదో, ఆవిడ అవతలి ఒడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

బడికి వెళ్ళలేదు. వెళ్దామన్నా పడవ లేదు. ఆ ఇసకలోనే కూర్చున్నాను. మొగలో అల తగ్గి నూకయ్య తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పడవను ఒడ్డుకు లాగి, నా పక్కన కూర్చుని, చుట్ట ముట్టించుకున్నాడు.

"బస్సు దొరికిందా?" అన్నాను.

"దొరికినాది. ఎల్లిపోనాది."

"ఏమైనా అందా?"

"మొదటి పడవకి పిలిసినాను. తరవాత దానికొస్తానన్నాది. రెండోదానికీ అదే మాట. మీరు సరుగుళ్ళలో కూకున్నారని అప్పుడు సెప్పినాను."

"నువ్వు చూశావా?"

"తెల్ల సొక్కా గదా బాబూ. ఆ గుంట నాకన్నా ముందే సూసినాది. రేవుకి రాగానే సూసినాదంట. కేకెయ్యనా అన్నాను. వొద్దన్నాది."

"ఎందుకొద్దంది?"

"'నానిక్కడున్నానని ఆయనకి తెలుసు. తెలిసి కూకున్నోడు తెలిసే రావాల మావా' అన్నాది. 'మూడో పడవ దాకా సూస్తాను' అన్నాది."

"మూడని చెప్పిందా?"

"మూడే అన్నాది."

ఏడుపొచ్చింది. నూకయ్య ముందే ఏడ్చాను. ఆయన చూడనట్టు ఏటివైపు తిరిగి కూర్చున్నాడు. చెట్టు చాటున కూర్చుని నేను ఏ పడవలు లెక్కపెట్టానో, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆవిడా ఆ పడవలే లెక్కపెట్టింది. లెక్క ఇద్దరికీ తెగింది. నేనంటే ఆవిడకు ఇష్టమని నాకు రుజువైంది. ఆవిడంటే నాకు ఇష్టం లేదని ఆవిడకు రుజువైంది.